గేటుకి అంటించిన జాబితా

13 ఆగస్టు 2002, మంగళవారం

శుక్రవారం జరిగింది వరసగా రాసుకుంటాను. వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి ఒక్కో పూట ఒక్కో రకంగా తయారవుతోంది.

సూర్యకళ నాలుగున్నరకి లేచింది. ఐదింటికల్లా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళింది. వారానికి రెండుసార్లు వెళ్తుంది. మా బడి పిల్లల తల్లులు ఆ వేళకి వేలం దగ్గర ఉంటారు. మిగతా పొద్దంతా ఇళ్ళకి తాళాలే. ఏడింటికి తిరిగొచ్చి తలనొప్పిగా ఉందంది. అమృతాంజనం అలమారులో ఉందని చెప్పాను. లేచి ఇవ్వలేదు, పేపరు చదువుతున్నాను. ఆమె వంకాయ కూర చేసింది. ఎనిమిదిన్నరకి ఇద్దరం బడికి బయల్దేరాం. అక్కడ నేను హెడ్మాస్టర్ని. ఆమె మూడో తరగతి టీచరు.

పదిన్నరకి నేను కార్పొరేషన్ ఆఫీసులో మీటింగుకి వెళ్ళాను. పదకొండు దాటాక ఆమె క్లాసులో బల్ల మీద తల వాల్చింది. వాంతి చేసుకుంది. పిల్లలు పరిగెత్తి ఆయా చిట్టమ్మని పిలుచుకొచ్చారు. ఏడో తరగతి సత్యశ్రీకి క్యారేజీ ఇవ్వడానికి వాళ్ళమ్మ దేముడమ్మ అప్పుడే వచ్చి ఉంది. ఇద్దరూ పట్టుకుని ఆటో ఎక్కించారు. పిల్లల దగ్గర ఎవరో ఒకరు ఉండాలని చిట్టమ్మ ఆగిపోయింది. దేముడమ్మ ఒక్కతే ఆమె తల ఒళ్ళో పెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

నాకు కబురు అందేసరికి ఒంటిగంట. నేను చేరేసరికి మాట పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. సాయంత్రం నాలుగూ పదికి పోయింది. నలభై ఏడేళ్ళు. మాకు పిల్లలు లేరు.

ఆటోలో తెలివిగానే ఉందట. దారంతా మాట్లాడిందట. వార్డు బయట దేముడమ్మ నేల మీద కూర్చుని ఉంది. చీర ముందంతా వాంతి మరకలు. నన్ను చూసి లేచి ఏదో చెప్పబోయింది. నేను డాక్టరు గదిలోకి వెళ్ళిపోయాను.

21 ఆగస్టు, బుధవారం

కర్మలు అయిపోయాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. ఇంట్లో గడియారం చప్పుడు ఇంత ఉందని తెలియదు.

26 ఆగస్టు, సోమవారం

బడికి వెళ్ళాను. పిల్లలు లేచి నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

స్టాఫ్ రిజిస్టరులో ఆమె పేరు మూడోది. ఎదురుగా గడులు ఖాళీ. ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చేదాకా పేరు తీయకూడదు.

సాయంత్రం దేముడమ్మ ఇంటికి వచ్చింది. ఆకులో చుట్టిన వంజరం ముక్కలు తెచ్చింది. మైల తీరిన ఇంటికి తమవాళ్ళెవరో ఒకరు ముందుగా చేప తెచ్చిపెట్టాలట, జాలరుల పేటలో అది పద్ధతి. నేను చేపలు మానేశానని చెప్పాను. మానలేదు. ఆమె వెళ్ళకుండా గుమ్మంలో నిలబడింది. "మేస్టారూ, ఆ రోజు టీచరమ్మ..." అంది. ఆఫీసు పని ఉందని తలుపు వేశాను.

9 సెప్టెంబరు, సోమవారం

దేముడమ్మ మళ్ళీ వచ్చింది. తలుపు తీయలేదు.

17 సెప్టెంబరు, మంగళవారం

మళ్ళీ. ఈసారి తలుపు కూడా కొట్టలేదు. గుమ్మం పక్కన చేపల పొట్లం పెట్టి వెళ్ళింది. పిల్లులు తినేశాయి.

30 సెప్టెంబరు, సోమవారం

అన్ని తరగతుల హాజరు రిజిస్టర్లూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఇవి సూర్యకళ చూసుకునేది. రాని పిల్లల గడుల్లో పెన్సిలుతో సన్నటి చుక్కలు ఉన్నాయి. కొందరికి మూడు, కొందరికి ఎనిమిది. ఏమిటివని చిట్టమ్మని అడిగాను. చిట్టమ్మది పేటే. ఆమెకి తెలుసు.

తండ్రులు వేటకి పారాదీప్ వెళ్ళినప్పుడు సంసారాలు కూడా వెళ్తాయి. ఎన్ని వారాల్లో వస్తారో సూర్యకళ హార్బర్‌లో కనుక్కుని వచ్చి, వారానికో చుక్క పెట్టుకునేది. పిల్లలు తిరిగి రాగానే చుక్కలు చెరిపి, సాయంత్రాలు కూర్చోబెట్టి తప్పిన పాఠాలు చెప్పేది. అందుకే మా బడిలో ఎవరి పేరూ కొట్టేయలేదు. పోయిన పిల్లలు మళ్ళీ వచ్చేవారు.

ఇది రూలు కాదు. నెల దాటితే పేరు తీసేయాలి. ఈ రిజిస్టర్ల మీద నెలనెలా నా సంతకం ఉంది. చుక్కలు నాకు కనబడలేదా, కనబడి ఊరుకున్నానా, గుర్తులేదు.

రబ్బరు తీసుకుని అన్నీ చెరిపేశాను. గంటన్నర పట్టింది.

18 నవంబరు, సోమవారం

ఎనిమిది రోజులుగా గాలీ వానా. పదో తారీకున వెళ్ళిన బోటొకటి తిరిగి రాలేదట. ఐదుగురు. అందులో దేముడమ్మ భర్త సింహాద్రి ఉన్నాడు. సత్యశ్రీ పద్నాలుగు నుంచి బడికి రావడం లేదు. ఏడో తరగతిలో లెక్కలు బాగా చేసే పిల్ల. ఏప్రిల్‌లో కామన్ పరీక్ష ఉంది.

వెళ్ళి పలకరించాలి.

25 నవంబరు

వెళ్ళలేదు. వాన.

2 డిసెంబరు

వాన లేదు. తలనొప్పి.

16 డిసెంబరు, సోమవారం

ఆఫీసు సర్క్యులరు ప్రకారం దీర్ఘకాలంగా బడికి రాని తొమ్మిదిమంది విద్యార్థుల పేర్లు రిజిస్టరు నుంచి తొలగించడమైనది. జాబితా గేటుకి అంటించడమైనది.

రూలు అందరికీ ఒకటే.

17 డిసెంబరు, మంగళవారం

పొద్దున్న తొమ్మిదింటికి ఆడవాళ్ళు నలభైమంది దాకా గేటు దగ్గర ఉన్నారు. హార్బర్ నుంచి బుట్టలతో సహా వచ్చేశారు. నేను కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. దేముడమ్మ ముందుకి వచ్చింది. జాబితా కాగితం ఆమె చేతిలో ఉంది, గేటు నుంచి ఊడబీకింది.

"నాకు సదువు రాదు. మా మావ పేరొక్కటి గుర్తు పడతాను, బోటు మీద రాసుంటాది. ఇది మా మావ పేరే గదా? దాని మీద ఎర్రగీత ఏటి?"

రూలు చెప్పాను. కొట్టేసింది పిల్ల పేరని, ఒకే వరసలో పిల్ల పేరూ తండ్రి పేరూ ఉంటాయి గనక గీత రెండింటి మీదుగా వెళ్ళిందని. ఎర్రసిరాతో కొట్టేయడం ప్రభుత్వ పద్ధతని. నేను చెప్తూంటే నాకే అది సబబుగా వినిపించింది.

"సముద్రం ఇంకా సెప్పలేదు" అంది దేముడమ్మ. "పోలీసోలు సెప్పలేదు. నువ్వు సెప్పీసినావు."

కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. వెనక అందరూ వెళ్ళారు. వెళ్తూ ఎవరి పిల్లల్ని వాళ్ళు క్లాసుల్లోంచి లేపుకుని తీసుకెళ్ళారు.

మధ్యాహ్నం చిట్టమ్మ గది ఊడుస్తూ చెప్పింది. బోటు రాని ఇంట్లో పోయాడన్న మాట ఎవరూ అనరట. మనిషి చొక్కా దండెం మీద నుంచి తీయరట. అతని కంచం రోజూ కడిగి పెడతారట. ఇది మూఢనమ్మకం అన్నాను. ఇరవయ్యొకటో శతాబ్దంలో ఉన్నామన్నాను.

చిట్టమ్మ చీపురు ఆపింది.

"టీచరమ్మ పేరు మీద గీసినారేటి బాబూ? నాలుగు నెల్లయింది గదా. రోజూ ఆ పుస్తకం తుడిసి నానే పెడతన్నాను."

ఆఫీసు నుంచి ఆర్డరు రాలేదని చెప్పాను. చిట్టమ్మ మిగతా గది ఊడ్చుకుని వెళ్ళిపోయింది.

18 డిసెంబరు, బుధవారం

రిజిస్టరులో 128 మంది. వచ్చినవాళ్ళు 34.

19 డిసెంబరు, గురువారం

29. విద్యా కమిటీ వాళ్ళు వచ్చి అడిగారు. జాబితా అర్జునరావు తయారుచేసి అంటించాడని చెప్పాను. అర్జునరావు ఆరూ ఏడూ తరగతులకి లెక్కలు చెప్తాడు. కుర్రవాడు. తొందరపాటు మనిషి.

24 డిసెంబరు, మంగళవారం

కళింగపట్నం దగ్గర ఒడ్డుకి బోటు చెక్కలు కొట్టుకొచ్చాయట. మనుషులు దొరకలేదు. పేటలో అంటున్నది చిట్టమ్మ నాకు చెప్పలేదు. చెప్పకపోయినా తెలుస్తోంది. గీత గీసిన వారానికి చెక్కలు వచ్చాయి. వాళ్ళ లెక్క వాళ్ళది.

చిట్టమ్మ ఒక్కటే చెప్పింది. దేముడమ్మ గాజులు తీయలేదట.

2 జనవరి 2003, గురువారం

బస్సులోంచి సత్యశ్రీని చూశాను. రొయ్యలు వొలిచే షెడ్డు వ్యానులో, ఆడవాళ్ళ మధ్య. నన్ను చూసి తల తిప్పుకుంది. పన్నెండేళ్ళు.

11 జనవరి, శనివారం

తల్లిదండ్రుల సమావేశం పెట్టాం. షామియానా, మైకు, ఎనభై కుర్చీలు. చదువు ప్రాముఖ్యం గురించి మాట్లాడదామని నాలుగు పేజీలు రాసుకున్నాను. ముగ్గురు వచ్చారు. అందులో ఒకడు షామియానా వాడు. నాలుగు పేజీలూ చదివాను.

అర్జునరావు వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మూడు వారాలుగా నాతో మాట్లాడడం లేదు. కారణం తెలియదు.

26 జనవరి

జెండా ఎగరేశాను. పంతొమ్మిదిమంది.

3 ఫిబ్రవరి, సోమవారం

ఏడో తరగతి పరీక్షకి పిల్లల వివరాలు పదిహేనులోగా పంపాలి. తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టిన దరఖాస్తు ఉండాలి. క్లాసుకి తొమ్మిదిమంది వస్తున్నారు. మిగతావాళ్ళు ఈ ఏడు పరీక్ష రాయకపోతే ఇక బడి ముఖం చూడరు. మగపిల్లలు బోటెక్కుతారు. ఆడపిల్లలు షెడ్డుకి.

వాళ్ళ పేర్లు పంపకపోతే నన్నెవరూ అడగరు.

6 ఫిబ్రవరి, గురువారం

అర్జునరావు మాట్లాడకపోవడానికి కారణం తెలియదని రాశాను. తెలుసు.

డిసెంబరు పదహారున అర్జునరావు సెలవులో ఉన్నాడు. జాబితా రాసింది నేను. ఎర్రసిరా నా సొరుగులోది. స్కేలు పెట్టి గీసి, జిగురు రాసి, గేటుకి అంటించింది నేను. చిట్టమ్మ చూసింది.

తొమ్మిదిమందిలో ఎనిమిదిమందికి నెల ఎప్పుడో దాటింది. సత్యశ్రీకి నెల నిండి రెండు రోజులు. క్యాలెండరు దగ్గర పెట్టుకుని వేలితో లెక్కపెట్టాను. ఆ ఎనిమిదిమంది కోసం నేను క్యాలెండరు చూడలేదు.

ఆఫీసు ఆర్డరు రాలేదన్నది కూడా అబద్ధం. సూర్యకళ పేరు తీసేయమని సెప్టెంబరు నాలుగునే వచ్చింది. ఎర్రసిరా ఉన్న సొరుగులోనే ఉంది.

సింహాద్రి బోటు సంగతి తెలిసీ గీశాను. ఆటోలో సూర్యకళ పక్కన నేను లేను, దేముడమ్మ ఉంది. అంతకంటే రాయలేను.

7 ఫిబ్రవరి, శుక్రవారం

స్టాఫ్ అందరి ముందూ అర్జునరావుకి చెప్పాను.

"తెలుసండీ శ్రీరామ్మూర్తిగారూ" అన్నాడు. "పేటలో నా బండి టైర్లు రెండుసార్లు కోశారు. మా ఆవిడ ట్రాన్స్‌ఫరు పెట్టుకోమంటోంది. మీరెప్పుడు చెప్తారా అని యాభై రోజులు చూశాను. చెప్పరనుకున్నాను."

"కమిటీ వాళ్ళకి కూడా చెప్తాను."

"వాళ్ళకి కాదండి. వాళ్ళకి చెప్పి ఏం లాభం. పేటలో చెప్పండి."

సూర్యకళ పేరు దగ్గర ఆర్డరు నంబరు వేసి, నల్లసిరాతో తారీకు రాశాను. గీత గీయలేదు. ఇన్స్పెక్షన్‌లో అడిగితే అప్పుడు చూసుకుంటాను.

10 ఫిబ్రవరి, సోమవారం

సాయంత్రం చిట్టమ్మని వెంటబెట్టుకుని దేముడమ్మ ఇంటికి వెళ్ళాను. ఈ బడిలో పదకొండేళ్ళు చేసి ఆ సందులో అడుగుపెట్టడం ఇదే మొదలు. దండెం మీద నీలం చొక్కా ఉంది. సత్యశ్రీ షెడ్డు నుంచి అప్పుడే వచ్చినట్టుంది. వేళ్ళు నాని తెల్లబడి, గోళ్ళ దగ్గర చర్మం చిట్లి ఉంది. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది.

దేముడమ్మ కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. గీత గీసింది నేనే అని. అర్జునరావుకి దాంతో సంబంధం లేదని. రూలు కోసం కాదని.

"మరెందుకు?" అంది.

"ఆ రోజు ఆవిడ పక్కన నువ్వున్నావు. నేను లేను."

ఇలాంటి మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాక అది చాలా చిన్న కారణంలా వినిపించింది.

చిట్టమ్మ గుమ్మంలో కూర్చుని నేల చూస్తోంది.

"మూడుసార్లొచ్చినాను మేస్టారూ నీ గుమ్మం కాడికి" అంది దేముడమ్మ. "సేపలొంక పెట్టుకుని ఒచ్చినాను. ఆయమ్మ ఆకరి మాటలు నా కాడ ఉంచుకోడం నాకిష్టం లేదు. నీకప్పసెప్పీసి ఎల్లిపోదామని ఒచ్చినాను. నువ్వు తలుపేసీసినావు."

ఇప్పుడు చెప్పమన్నాను.

"పిల్లలొక్కలే ఉన్నారు, ఎవులైనా ఎల్లండంది. కిటికీ పక్క బెంచీకి కాలూగతంది, సంటిపిల్లల్ని దాని మీద కూకోబెట్టొద్దంది. ఆ మాటే నాలుగైదుసార్లంది. నానుంటానులే అప్పా, నువ్వు పడుకో అన్నాను. మరి మాటాడలేదు."

"నా గురించి?"

"లేదు మేస్టారూ."

ఒక్క మాట కల్పించి చెప్తే నేను నమ్మేవాణ్ణి. మిగిలిన రోజులు దాని మీద బతికేవాణ్ణి. అది ఆమెకీ తెలుసు, నా ముఖం చూస్తూనే ఉంది. చెప్పలేదు. నేను చేసిన పనికి ఆమె నాతో అబద్ధమాడినా తప్పు లేదు. ఆడలేదు.

దరఖాస్తు తీశాను. బడికి పంపమని అడగలేదు. పరీక్ష ఒక్కటి రాయనిమ్మన్నాను.

"మా మావ పేరు నా ముందు రాయి."

నల్లసిరాతో రాశాను. కాగితం దీపం దగ్గర పెట్టుకుని చూసింది.

"పోయినోల పేరు ముందర ఏదో రాస్తారంట. రాసినావేటి?"

"రాయలేదు."

వేలిముద్ర వేసింది.

"బడికి ఒగ్గను. పాటాలు చిట్టమ్మ సేత ఇంటికి పంపు. నిన్ను నమ్మి కాదు. దీన్ని ఏడు పేసు సేయిస్తానని టీచరమ్మకి మాటిచ్చినాను."

తిరిగి వస్తూ బడి తాళం తీయించి మూడో తరగతి గది చూశాను. కిటికీ పక్క బెంచీ కాలు ఇంకా ఊగుతూనే ఉంది. ఆరు నెలలు పిల్లలు దాని మీదే కూర్చున్నారు. మేకు కొట్టాను. రెండు వంగిపోయాయి. మూడోది దిగింది.

15 ఫిబ్రవరి, శనివారం

ఆఫీసు గుమాస్తా సత్యశ్రీ దరఖాస్తు పక్కన పెట్టాడు. తండ్రి బోటు ప్రమాదంలో పోయాడని పేపర్లో చూశాను, పేరు ముందు కీర్తిశేషులు అని వేయండి అన్నాడు. మనిషి దొరకలేదన్నాను. దొరక్కపోతే మాత్రం ఉన్నట్టా అన్నాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో కాగితం మీద తెలిసి తప్పు రాయలేదు నేను. తండ్రి ఉన్నాడు అని రాసి సంతకం పెట్టాను.

తొమ్మిది పేర్లూ కొత్త పేజీలో మళ్ళీ ఎక్కించాను. పాత పేజీలో ఎర్రగీతలు అలాగే ఉన్నాయి. అవి చెరగవు.

3 మార్చి, సోమవారం

ఐదింటికి హార్బర్‌కి వెళ్ళాను. ఎక్కడ నిలబడాలో తెలియలేదు. ఐసు తోసేవాళ్ళకి అడ్డం, వేలం పాటకి అడ్డం. ఆరున్నరకి వచ్చేశాను. ఎవరూ పలకరించలేదు.

6 మార్చి, గురువారం

వెళ్ళాను. ఒకామె చేపలు కడిగిన నీళ్ళు నా కాళ్ళ మీదుగా పారబోసింది. చూసుకోలేదంది.

10 మార్చి, సోమవారం

జోగమ్మ అని ఒకావిడ ఉంది. ఆమె మనవడి పేరు కూడా నా జాబితాలో ఉంది. నేను వినేలా పక్కావిడతో అంది.

"మేస్టారు సేపలు మానీసినారంట గదేటే. వాసన సూసెల్లిపోడానికొస్తన్నారు కాబోలు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు గానీ వెళ్ళిపోలేదు. జోగమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. నీ మనవడి పేరు కొట్టేసింది నేను, మళ్ళీ ఎక్కించాను, పంపుతావా అని. ఎర్రసిరా సీసా ఏం చేశావని అడిగింది. కాలవలో పారబోశానన్నాను. నిజమే. నిన్ననే.

"సూస్తాను" అంది.

14 మార్చి, శుక్రవారం

జోగమ్మ మనవడు వచ్చాడు. వాడితో ఇంకో ఏడుగురు.

సత్యశ్రీ జవాబు కాగితాలు చిట్టమ్మ తెచ్చింది. చుట్టూ రొయ్యల వాసన. పన్నెండు లెక్కల్లో పది సరిగ్గా చేసింది. తప్పిన రెండూ ఎక్కడ తప్పాయో అర్జునరావు నీలం సిరాతో రాసి పంపాడు. తనకి తనే నీలం తీసుకున్నాడు. నేను చెప్పలేదు.

22 మార్చి, శనివారం

సత్యశ్రీ వేళ్ళు చీము పట్టాయి. దేముడమ్మ షెడ్డు మాన్పించేసింది. ఇప్పుడు హార్బర్‌లో తల్లి బుట్ట దగ్గర కూర్చుంటోంది. తల్లి ఐసుకీ వేలానికీ తిరిగితే బుట్ట ఆ పిల్లే చూస్తుంది. పుస్తకం పరికిణీ మడతల్లో పెట్టుకుని చదువుతుంది. నేను వస్తే మూసేస్తుంది. దూరంగా నిలబడడం నేర్చుకున్నాను.

31 మార్చి, సోమవారం

హాల్ టికెట్టు ఇవ్వడానికి హార్బర్‌కి వెళ్ళాను. ఎల్లుండి నుంచి ఆరు రోజులు పరీక్షలు. సెంటరు వేరే బడిలో, ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. అర్జునరావు మాస్టారు పిల్లలందర్నీ వెంటబెట్టుకుని తీసుకెళ్తారని చెప్పాను.

"అందర్నీ తీసుకెల్లండి" అంది దేముడమ్మ. "నా పిల్లని మీ సేతికి ఒగ్గను. నానే తీసుకెల్తాను. అది బయటికొచ్చీదాకా అక్కడే కూకుంటాను."

"ఆరు రోజులు సేపల్నేటి సేస్తావే, ఎండేస్తావా?" అంది జోగమ్మ.

దేముడమ్మ తడి గోనె బుట్ట మీదికి లాగింది. తను లేనప్పుడు బుట్ట చూసేది సత్యశ్రీ. మిగతా ఆడవాళ్ళకి ఎవరి బుట్ట వాళ్ళకుంది. వేలంలో పాడుకున్న సరుకు ఎండెక్కేలోగా అమ్మకపోతే పారబోయాలి. ఒక పూట పారబోస్తే మర్నాడు పాడుకోవడానికి ఉండదు. మొగుడు లేని ఇల్లు. బుట్టని వదిలే వీల్లేదు, పిల్లని మాకు వదలదు. అంటే పరీక్ష లేనట్టే. సత్యశ్రీ హాల్ టికెట్టు వైపు చూడడం మానేసి నేల చూస్తోంది.

"నేను కూర్చుంటాను బుట్ట దగ్గర" అన్నాను.

జోగమ్మ పెద్దగా నవ్వింది. "కానాగంతకీ కవ్వలకీ తేడా తెల్సా మేస్టారూ నీకు?"

"తెలియదు. చెప్తే నేర్చుకుంటాను."

"పేంటుకి సేపల నీచంటుకుంటాది. బడిలో పిల్లలు ముక్కు మూసుకుంటారు."

"ఆ పిల్లలందరి ఇళ్ళలోనూ ఆ నీచే కదా."

దేముడమ్మ నవ్వలేదు. నన్ను పైనుంచి కిందికి చూసింది, వేలంలో సరుకు చూసినట్టు.

"నీళ్ళు జల్లతుండాలి. గోనె తడారకూడదు. కాకుల్ని తోలాలి. దర జోగమ్మ సెప్తాది. నువ్వు బేరాలాడకు, నువ్వాడితే ఊరికే ఇచ్చీసేలాగున్నావు. మద్దిలో లేసి ఎల్లిపోతే?"

"వెళ్ళను."

"ఆపీసు మీటింగుంటే?"

ఆ శుక్రవారం నేనెక్కడ ఉన్నానో నాకు తెలుసు. ఆమెకీ తెలుసు.

"ఉన్నా వెళ్ళను" అన్నాను.

హాల్ టికెట్టు తీసుకుని కూతురి చేతికిచ్చింది. ఆ పిల్ల రెండు చేతులూ పరికిణీకి తుడుచుకుని తీసుకుంది.

1 ఏప్రిల్ 2003, మంగళవారం

రిజిస్టరులో 137. ఈరోజు వచ్చినవాళ్ళు 97. కొట్టేసిన తొమ్మిదిమందిలో ఐదుగురు బడికి వచ్చారు. ఇద్దరు పారాదీప్‌లోనే ఉండిపోయారు. ఒకడు బోటెక్కాడు, వాడికి పదమూడేళ్ళు, ఇక రాడు. తొమ్మిదోది సత్యశ్రీ. ఆ అమ్మాయి పరీక్షకి వస్తుంది, బడికి రాదు.

సింహాద్రి జాడ లేదు. నీలం చొక్కా దండెం మీదే ఉందని చిట్టమ్మ చెప్పింది.

ఆరు రోజులకి సెలవు పెట్టాను. కారణం దగ్గర సొంత పని అని రాశాను. పరీక్షల వేళ హెడ్మాస్టరుకి సెలవేమిటని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. పిల్లల్ని అర్జునరావు చూసుకుంటాడని చెప్పాను. మెమో ఇస్తామన్నారు. ఇవ్వమన్నాను. అర్జునరావు పక్కనే ఉండి విన్నాడు. ప్యాంటు వద్దండీ, లుంగీ కట్టుకెళ్ళండి అన్నాడు. సూర్యకళ పోయాక నాతో ఎవరైనా హాస్యమాడడం ఇదే మొదలు.

దేముడమ్మ నన్ను నమ్మిందని రాసుకోను. పిల్లని ఇవ్వలేదు. బుట్ట ఇచ్చింది.

రేపు పొద్దున్న నాలుగింటికి లేస్తాను. వేలం మొదలయ్యేలోగా హార్బర్‌కి చేరుకుంటాను. ఆమె పిల్లని పరీక్ష రాయించి తిరిగి తీసుకొచ్చేదాకా ఆ బుట్ట దగ్గరే కూర్చుని గోనె తడుపుతూ ఉంటాను.